కోత మానింది... జబ్బు మానిందా?

వాడరేవు ఒడ్డు. తెల్లవారుతుండగా పడవలు ఒక్కొక్కటే వస్తున్నాయి. ఆర్నెల్ల కిందట పేగు ఆపరేషన్ చేయించుకున్న కుర్రాడొకడు మళ్లీ వల లాగుతున్నాడనుకోండి. కడుపునొప్పి లేదు. విరేచనాలు తగ్గాయి. తిన్నది ఒంటబడుతోంది. 'అంతా బాగుందిగా, ఇంకా ఈ మాత్రలెందుకే?' అంటాడు ఇంటావిడతో. ఆమెకూ నిజమేననిపిస్తుంది. డబ్బా అటకెక్కుతుంది.

క్రోన్స్ వ్యాధిలో దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే!

1932లో న్యూయార్క్‌లోని మౌంట్ సినాయ్ ఆసుపత్రి వైద్యుడు బరిల్ క్రోన్, మరో ఇద్దరితో కలిసి ఈ జబ్బు గురించి లోకానికి చెప్పాడు. నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు. ఎక్కువగా పట్టుకునేది మాత్రం చిన్నపేగు చివరిభాగాన్ని. అక్కడ పూత, వాపు, చివరికి పేగు సన్నబడి దారి మూసుకుపోవడం. అప్పుడు సర్జన్ ఆ ముక్క తీసేసి రెండు కొసలూ కలిపి కుడతాడు. అడ్డు పోతుంది. జబ్బు గుణం మాత్రం ఒంట్లోనే ఉంటుంది.

బెల్జియం వైద్యుడు పాల్ రట్గీర్ట్స్ బృందం 1990లో ప్రచురించిన లెక్క చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఆపరేషనయిన ఏడాదిలోపే కొలనోస్కోపీలో 73 శాతం మందికి అతుకు దగ్గర మళ్లీ పూత కనిపించింది. వాళ్లందరూ బాధపడుతున్నారా అంటే, లేదు. లక్షణాలున్నది 20 శాతం మందికే! అంటే 'నాకేం లేదు' అన్న మాటని పేగు ఒప్పుకోకపోవచ్చు.

మరి మందులేం చేస్తాయి? జబ్బు మళ్లీ వచ్చే ప్రమాదం ఎక్కువున్నవాళ్లకి (పొగతాగేవాళ్లు, అంతకుముందే ఆపరేషనయినవాళ్లు, పేగుకు చిల్లుపడ్డవాళ్లు) డాక్టర్లు ముందుగానే మందు మొదలుపెడతారు. మెట్రోనిడజోల్ కొన్నాళ్లు ఇస్తారు. అజాథయోప్రిన్ మాత్రలైతే ఏళ్ల తరబడి. అవి కొందరిలో తెల్లరక్తకణాలను ప్రమాదకరంగా తగ్గిస్తాయి కాబట్టి రక్తపరీక్షలు తప్పవు. ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ ఇంజెక్షన్లు ఇంకా బలమైనవి. 2016లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో ఇన్‌ఫ్లిక్సిమాబ్ తీసుకున్నవాళ్లలో సుమారు 31 శాతం మందికి, ఉత్తి సెలైన్ లాంటిది తీసుకున్నవాళ్లలో 60 శాతం మందికి పూత తిరగబెట్టింది. అయితే పైకి కనిపించే బాధల్లో తేడా అంత గట్టిగా తేలలేదు. అందుకే ఈ ఖరీదైన మందు అందరికీ అని చెప్పరు. ఇంజెక్షన్‌కి ముందు ఛాతీ ఎక్స్‌రే, క్షయ పరీక్ష తప్పనిసరి. దాగున్న క్షయ లేచి కూర్చునే ప్రమాదముంది మరి.

అన్నట్టు, మన దగ్గర క్షయతో మరో తంటా కూడా ఉంది. పేగు క్షయ, క్రోన్స్ అచ్చు కవలల్లా ఉంటాయి. ఒకదానికి బదులు మరొకదానికి నెలల తరబడి మందు మింగినవాళ్లున్నారు. ఇది పట్నాల జబ్బనుకునేవాళ్లకి ఇంకో మాట. హైదరాబాద్‌లోని ఏఐజీ వైద్యులు ముప్పైవేల మందికి పైగా పరీక్షించి 2023లో ప్రచురించిన అధ్యయనంలో, పేగు పూత జబ్బులు పల్లెల్లోనూ పట్నాల్లోనూ దాదాపు ఒకేలా కనిపించాయి.

మందొక్కటే చాలదు, చూడటమూ కావాలి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో జరిపి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, ఆర్నెల్లకి కొలనోస్కోపీ చేసి అవసరమైతే మందు పెంచినవాళ్లలో ఏడాదిన్నరకి 49 శాతం మందికే పూత వచ్చింది. అలా చూడనివాళ్లలో 67 శాతం. ఇక బీడీ, చుట్ట మానేయాలి. ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు. పొగ జబ్బును తిరిగి పిలుచుకొస్తుంది. చిన్నపేగు చివరిభాగం పోయింది కాబట్టి బి12 ఇంజెక్షన్లూ అవసరం కావచ్చు.

వేటకెళ్లేవాడికి పరీక్షంటే ఒక రోజు సంపాదన పోయినట్టే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉంటుంది కదా, ఆ రోజుల్లో పడేలా పరీక్ష తేదీ అడిగి పెట్టించుకోవచ్చు. ఆపరేషనయి ఆర్నెల్లయ్యేది అక్టోబరులోనైతే మాత్రం ఏప్రిల్ దాకా ఆగకూడదు.