ఎలుక గూట్లో వానల చిట్టా!

పదివేల ఏళ్ల తర్వాత ఓ ఎడారిలో ఎంత వాన పడుతుంది? అందులో ఎంత నేలలోకి ఇంకుతుంది? జ్యోతిషులు సైతం జంకే ఈ ప్రశ్నలకు అమెరికా శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి జవాబు వెతికారు. కారణం... అణు వ్యర్థాలు!

అణువిద్యుత్‌ కేంద్రాల్లో వాడేసిన ఇంధనాన్ని నెవడా రాష్ట్రంలోని యక్కా కొండ కడుపులో దాచాలనుకుంది అమెరికా. 1987లో ఈ ఒక్క చోటునే పరిశోధనలకు ఎంచుకుంది. సుమారు 300 మీటర్ల లోతున సొరంగాలు... భూగర్భజలం మరో 300 మీటర్ల దిగువన. పైనుంచి నీరు దిగితే మాత్రం పెట్టెలు తుప్పుపడతాయి. విషం కింది జలాల్లో కలుస్తుంది. పదివేల ఏళ్లు భద్రంగా ఉండాలన్నది మొదటి నిబంధన. 2008లో దాన్ని పది లక్షల ఏళ్లకు పెంచారు.

అక్కడ ఏటా కురిసేది 200 మిల్లీమీటర్ల లోపే. అందులో చాలావరకు ఎండకు ఆవిరైపోతుంది, ఇంకొంత మొక్కలు పీల్చేస్తాయి. లోపలికి దిగేది సగటున కొద్ది మిల్లీమీటర్లే. అదే వాతావరణం చల్లబడితే? ఆవిరయ్యేది తగ్గుతుంది, మంచు నెమ్మదిగా కరిగి రాతి పగుళ్లలోకి జారుతుంది. అంటే వాన కాస్త పెరిగినా ఇంకే నీరు చాలా ఎక్కువే పెరగొచ్చు.

ఒకప్పుడు అలా జరిగిందా? జరిగిందనే చెప్పాయి ప్యాక్‌ర్యాట్‌ అనే ఎలుకల పాత గూళ్లు. అవి పోగేసిన ఆకులూ పుల్లలూ గట్టిపడిన మూత్రంలో వేల ఏళ్లు చెక్కుచెదరలేదు. ఇప్పుడు ఎడారి పొదలే కనిపించే చోట మంచుయుగంలో జునిపర్‌ చెట్లు పెరిగాయని వాటి వల్లే తెలిసింది. దగ్గర్లోని డెవిల్స్‌ హోల్‌ గుహలో తవ్వితీసిన 36 సెంటీమీటర్ల కాల్సైట్‌ ముక్క అయిదు లక్షల ఏళ్ల చరిత్ర విప్పింది.

చలీ తడీ మళ్లీ రావచ్చని తేలాక, ఆనాటి వాతావరణానికి దగ్గరగా ఉండే నేటి ఊళ్లను వెతికారు. వాషింగ్టన్‌ రాష్ట్రంలోని స్పొకేన్‌ లాంటి చోట్ల వాన లెక్కలు తెచ్చి, యక్కా కొండమీద కురిస్తే ఎంత ఇంకుతుందో కంప్యూటర్లతో గుణించారు.

చిక్కల్లా ఒక్కటే. మనిషి వదిలే కార్బన్‌ డయాక్సైడ్‌ ప్రభావం ఆ పాత చిట్టాల్లో లేదు!

నెవడా ప్రజల వ్యతిరేకత, రాజకీయాల మధ్య 2010 నాటికి ప్రాజెక్టు అటకెక్కింది. వ్యర్థాలు మాత్రం ఆయా కేంద్రాల దగ్గరే పేరుకుపోతున్నాయి. రేపు వాటిని ఏ కొండ కింద దాచాలన్నా, ముందు అక్కడి నిన్నటి వానల లెక్క తీయాల్సిందే.