ఆరు సిలిండర్ల లారీకి ఏ పిస్టను?

అశ్వారావుపేట ఫ్యాక్టరీకి పామాయిలు గెలలు తెచ్చు లారీలను మీరు చూచియే యుందురు. కోసిన గెలలు ఒక దినములో చేరనిచో నూనెలో ఆమ్లము పెరుగును. దారిలో ఇంజను బిగుసుకొన్నచో లారీతోపాటు సరుకు కూడ చెడును.

టాటా 697 ఇంజనుకు సిలిండర్లు ఆరు. బోరు 97 మిల్లీమీటర్లు. అనగా ముషలకము (దీనినే పిస్టను అందుము) తల వైశాల్యము సుమారు 74 చదరపు సెంటీమీటర్లు. దహన పీడనము చదరపు సెంటీమీటరుకు 100 కిలోగ్రాములనుకొన్నచో దానిపై పడు బలము 7.4 టన్నులు! టర్బోచార్జరు పొగ వేగముతో తిరిగి గాలిని లోనికి నెట్టును. డీజిలు హెచ్చుగా మండును. పీడనము 130 అయినచో బలము 9.6 టన్నులగును.

వేడిమియు పెరుగును. అల్యూమినియము కరగుట 660 డిగ్రీల వద్దనే గాని, 300 దాటగనే బలము బాగుగా తగ్గును. అందుచేత టర్బో పిస్టనులో పై రింగు గాడికి నికెలు కలిసిన పోత ఇనుప కట్టు పొదుగుదురు. వేడికి అది దాదాపు అల్యూమినియమంతగా వ్యాకోచించును; మామూలు ఇనుము అట్లు కాదు, వదులగును. అనేక ఇంజన్లలో క్రిందినుండి చమురు చిమ్మి పిస్టనును చల్లబరతురు.

చౌకయని టర్బోలేని ఇంజను పిస్టను వేయుట కలదు. బోరు సరిపోయినంత మాత్రమున గాడి నిలువదు. కనెక్టింగు రాడ్డు, బేరింగు, గాస్కెట్టు గూడ ఆ బలమునకు తగినవి కావలెను. వరుసగానున్న ఆరు పిస్టన్ల కదలికలు ఒకదానినొకటి తూచుకొనును. ఒకదాని బరువు మారినచో ఆ తూకము చెడును. కనుక ఆరింటిని తక్కెడలో పెట్టి చూచిన పిదపనే దించవలెను.