సిటీ వైఫైతో ఇంట్లో నెట్.. అసలు చిక్కు గోడల దగ్గరే!

ఊరంతా వైఫై ఉంటే ఇంటికి వేరే కనెక్షన్ ఎందుకు? అమెరికాలోని మినియాపొలిస్‌లో ఈ ప్రయోగం నిజంగానే జరిగింది. 2006లో ఆ సిటీ యూఎస్ ఇంటర్నెట్ అనే కంపెనీతో ఒప్పందం చేసుకుంది. వీధి స్తంభాలకు వైఫై పెట్టెలు బిగించారు. ఇళ్లకు నెలవారీ ప్యాకేజీలూ అమ్మారు.

వీధిలో ఓకే, ఇంట్లోకొస్తేనే తంటా. స్తంభం నుంచి సిగ్నల్ ఎలాగోలా లోపలికి వచ్చినా, ఫోన్ పంపే బలహీనమైన సిగ్నల్ గోడ దాటి తిరిగి అక్కడిదాకా చేరదు. అందుకే ఫోన్‌లో గీతలు కనిపిస్తున్నా వీడియో మాత్రం తిరుగుతూనే ఉంటుంది! దీనికి విరుగుడు, కిటికీ దగ్గర పెట్టుకునే ప్రత్యేక మోడెమ్. ఆ కిటికీలోంచి స్తంభం కనిపించాలి. మధ్యలో చెట్టుంటే ఆకులు కూడా సిగ్నల్‌ను మింగేస్తాయి.

మన హైదరాబాద్ హైఫై లెక్క వేరు. 2017లో మొదలైనప్పుడు రోజుకు 30 నిమిషాలే ఫ్రీ. అదీ హాట్‌స్పాట్ ఉన్నచోటే.