తడిసిన ధాన్యం, పాత గ్రాఫిక్స్ కార్డు

మదీనా బజారులో ఒకనాడు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒక ధాన్యపు రాశి వద్ద ఆగి, అందులోనికి చేయి పోనిచ్చి చూశారు. పైకి పొడిగా కనిపిస్తున్న ధాన్యం లోపల తడిగా తగిలింది. వర్షానికి తడిసిందని వర్తకుడు చెప్పుకున్నాడు. అటువంటప్పుడు తడిసిన భాగాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించి, మోసగించేవాడితో తమకు సంబంధం లేదని స్పష్టం చేశారు. సహీహ్ ముస్లింలోని ఈ హదీసును ఏటా విద్యార్థులకు బోధిస్తూనే ఉన్నాను. బియ్యం, గోధుమలు, బట్టల తానులు... నేను చెప్పే ఉదాహరణలు ఎప్పుడూ ఇవే. గ్రాఫిక్స్ కార్డును ఉదాహరణగా చెప్పవలసి వస్తుందని మాత్రం ఊహించలేదు.

మా చెల్లెలి కుటుంబం చార్మినార్ కు కూతవేటు దూరంలో ఉంటుంది. బావగారు జిద్దాలో ఉద్యోగి. పిల్లవాడు పాలిటెక్నిక్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఆటలు ఆడుకోవడానికి, కళాశాలలో చెప్పే ప్రోగ్రాములు రాసుకోవడానికి సొంతంగా ఒక కంప్యూటరు కూర్చుకోవాలని వాడి కోరిక. రెండేళ్ళ ఈదీలు, ట్యూషన్లు చెప్పి సంపాదించినది కలిపి 6,500 రూపాయలతో ముందుగా ఒక పాత గ్రాఫిక్స్ కార్డు కొన్నాడు. అమ్మినవాడు దానిని కంప్యూటరుకు తగిలించి, పంకాలు తిరగడం, తెరపై బొమ్మ రావడం చూపించాడు. అంతే చూపించాడు. స్నేహితుని ఇంట్లో దానితో ఆట మొదలుపెట్టిన పావుగంటకు తెరంతా రంగురంగుల చతురస్రాలు పరచుకుని, కంప్యూటరు ఆగిపోయింది. అమ్మినవాడు వాపసుకు ఒప్పుకోలేదు. నడుస్తూ ఉండగానే ఇచ్చానన్నది అతని వాదన.

ఆ కార్డు చరిత్ర పిల్లవాడే నాకు వివరించాడు. ఈథీరియం వంటి డిజిటల్ నాణేల లెక్కలు కట్టడానికి కొందరు గ్రాఫిక్స్ కార్డులను వరుసలుగా పేర్చి, నెలల తరబడి రాత్రింబవళ్ళు నడిపేవారు. దీనినే మైనింగ్ అంటారు. 2022 సెప్టెంబరు 15న ఈథీరియం తన పద్ధతిని మార్చుకోవడంతో ఆ పనికి కార్డుల అవసరం తీరిపోయింది. అలా వాడి వదిలేసినవి పెద్దసంఖ్యలో పాత సామాను బజారుకు వచ్చాయి. మైనింగ్ లో వాడిన ప్రతి కార్డూ చెడిపోయినదని చెప్పడం న్యాయం కాదు. చల్లగా, శుభ్రంగా నడిపినవి ఇంకా బాగానే పనిచేస్తాయి. కానీ ఆ సంగతి దాచి, తుడిచి, మెరిపించి అమ్మడం మాత్రం రాశి అడుగున తడి ధాన్యం దాచడమే.

ఇక్కడ ఫిఖ్‌హ్ విషయం కొంత చెప్పుకోవాలి. వస్తువులో అమ్మకానికి ముందే ఉన్న లోపం తరువాత బయటపడితే, కొన్నవాడికి దానిని తిరిగి ఇచ్చే హక్కు ఉంటుంది. ఇది ఖియారుల్ ఐబ్. చూడకుండా కొన్న వస్తువును చూసిన తరువాత వద్దనుకునే హక్కు ఖియారుర్రూయత్. ముందుగానే గడువు షరతుగా పెట్టుకుంటే అది ఖియారుష్షర్త్. ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) దీనికి మూడు రోజుల హద్దు పెట్టారు. వారి ఇద్దరు శిష్యులు నిర్ణీత గడువైతే అంతకు మించినా చెల్లుతుందన్నారు. ఖుదూరీ చదివిన ప్రతి విద్యార్థికీ ఇది కంఠస్థం. బజారులో గుర్తుకు వచ్చేది మాత్రం కొద్దిమందికే. మరొక సంగతి చాలామందికి తెలియదు. అమ్మేవాడు ఏ లోపానికీ తనది బాధ్యత కాదని ముందే చెప్పి, కొనేవాడు దానికి అంగీకరిస్తే, హనఫీ మతం ప్రకారం ఆ షరతు చెల్లుతుంది. లోపం తెలిసీ దాచిన పాపం అతనిపై ఉంటుంది గానీ, మనకు వాపసు హక్కు మిగలదు. కనుక పాత వస్తువు కొనేటప్పుడు వాపసు లేదనే మాటకు తలూపడానికి ముందే, మూడు రోజుల గడువు నోటితో అడిగి, వీలైతే కాగితంపై రాయించుకోవాలి. గ్రాఫిక్స్ కార్డయితే అమ్మేవాడి ఎదుటే కనీసం అరగంట బరువైన ఆటను నడిపించి చూడాలి. పంకా తిరగడం పరీక్ష కాదు.

ఆ సంఘటన తరువాత చెల్లెలు మా ఇంటికి వచ్చి, "భాయీజాన్, ఈ ఇంట్లో ఇక కంప్యూటరు మాట ఎత్తవద్దని వాడికి మీరే చెప్పండి" అన్నది. వాడేమో మరో దారి వెతికి పెట్టుకున్నాడు. ఒక సైటులో సిద్ధంగా కూర్చిన గేమింగ్ కంప్యూటరు, వాయిదాల మీద. "మామూ, వడ్డీ లేదు. నో కాస్ట్ అని రాశారు" అని ఫోను చూపించాడు. కింద చిన్న అక్షరాలను నేను ఓపికగా చదివాను. క్రెడిట్ కార్డు బ్యాంకు వడ్డీ వేస్తుంది. అమ్మేవాడు దానికి సమానమైన మొత్తాన్ని ధరలో తగ్గింపుగా చూపిస్తాడు. ఆ వడ్డీపై 18 శాతం జి.ఎస్.టి. మనమే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు అదనం. సున్నా శాతం వడ్డీ అనేది వాస్తవంలో లేనిదని రిజర్వు బ్యాంకే 2013 సెప్టెంబరులో బ్యాంకులకు తెలిపింది. అప్పు ఒప్పందంలో వడ్డీ అనే పేరే రాసి ఉన్నప్పుడు, మరొకరు దానిని భరిస్తున్నారన్న మాటతో నేను సమాధానపడలేను. దుకాణదారే నేరుగా, బ్యాంకు ప్రమేయం లేకుండా, ఒకే ధర ఖాయం చేసి వాయిదాలలో తీసుకుంటే అది వేరు. అది ధర్మసమ్మతమైన అమ్మకమే.

అయితే చెల్లెలి మాటకు కూడా నేను పూర్తిగా తలొగ్గలేదు. ఫుర్ఖాన్ సూరా 67వ ఆయతు దుబారాను ఎంతగా వారిస్తుందో, పిసినారితనాన్నీ అంతగానే వారిస్తుంది. పిల్లవాడి చదువు ఆ వైపే సాగుతున్నది. వాడు వస్తువులు ఎంచుకునే పద్ధతి చెడ్డది గానీ, వాడి కోరిక చెడ్డది కాదు. ఇరుగుపొరుగు స్త్రీలు వేలం లేకుండా వంతులవారీగా వేసుకునే బీసీలో చెల్లెలికి 40,000 రూపాయలు వచ్చి ఉన్నాయి. అంతకు మించి ఒక్క రూపాయి అప్పు లేకుండా, కొత్త వస్తువులతో, బిల్లుతో కొనాలని ముగ్గురం ఒప్పుకున్నాం.

సికింద్రాబాదు పార్క్ లేన్ లోని చినాయ్ ట్రేడ్ సెంటర్ జంటనగరాలలో కంప్యూటరు సామానుకు పేరున్న బజారు. ఎం.జి.బి.ఎస్. వరకు ఆటోలో వెళ్ళి, అక్కడ మెట్రో ఎక్కితే పరేడ్ గ్రౌండ్ చేరతాము. అక్కడి నుండి దగ్గరే. మొదటిరోజు ఏమీ కొనకూడదన్నది నా షరతు. మూడు దుకాణాలలో కాగితంపై కొటేషన్లు రాయించుకుని జుహర్ వేళకు తిరిగి వచ్చాము. మన లాడ్ బజారులో పెళ్ళికూతురి గాజులు కొనే స్త్రీలకు ఈ పద్ధతి ఎవరూ నేర్పనవసరం లేదు. మగపిల్లలే మొదటి దుకాణంలోనే జేబు ఖాళీ చేస్తారు.

ధరలు వారం వారం మారుతాయి, ముఖ్యంగా ర్యామ్ ధర. కనుక రూపాయల లెక్క ఇక్కడ రాయడం వ్యర్థం. ఎంపిక వెనుక ఉన్న ఆలోచన మాత్రం మారదు. దేగ్ లో బిర్యానీ వండేవారికి అది సులభంగా అర్థమవుతుంది. మాంసం ఎంత మేలైనదైనా, బియ్యం చాలకపోతే, మంట సరిగా లేకపోతే దమ్ కుదరదు. ఒకే భాగంపై డబ్బంతా పోస్తే మిగిలినవి దానిని వెనక్కి లాగుతాయి. పిల్లవాడి మొదటి జాబితాలో సగం డబ్బు గ్రాఫిక్స్ కార్డుకే పోయింది. విద్యుత్తు అందించే ఎస్.ఎం.పి.ఎస్. ఎదుట మాత్రం, క్యాబినెట్ తో ఉచితంగా వచ్చేదని రాసి ఉంది. మిగతా భాగాలన్నిటి ప్రాణం ఆ పెట్టె చేతిలోనే ఉంటుంది. అది నాసిరకమైతే పోతూ పోతూ మదర్ బోర్డును కూడా తీసుకుపోగలదు. నేను మొదట కొట్టివేయించినది ఆ పంక్తినే. పేరున్న కంపెనీది, 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు ఉన్నది, 550 వాట్లది తీసుకున్నాము. ఇప్పటి అవసరానికి అంత అక్కరలేదు. రేపు కార్డు వచ్చినప్పుడు మళ్ళీ కొననక్కరలేదు.

అసలు నిర్ణయం ప్రాసెసరు వద్ద జరిగింది. పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో, ఉదాహరణకు కోర్ ఐ5 12400ఎఫ్ లో, బొమ్మను తెరకు పంపే భాగం లేదు. వేరే కార్డు లేనిదే తెర వెలగదు. ఎ.ఎం.డి. రైజన్ 5 5600జి లో ఆరు కోర్లతోపాటు గ్రాఫిక్స్ కూడా లోపలే ఉన్నది, పెట్టెలో కూలరూ వస్తుంది. వాలరెంట్ వంటి తేలికైన ఆటలు కార్డు లేకుండానే దానిపై నడుస్తాయి. ఇందులో లోపం లేకపోలేదు. దీనిలో ఎల్3 క్యాష్ 16 మెగాబైట్లే, జి లేని 5600లో 32. రేపు మంచి కార్డు పెట్టిననాడు ఆ తేడా కొంత కనిపిస్తుంది. దుకాణదారు ఈ సంగతి అడగకుండానే చెప్పాడు. తడి ధాన్యాన్ని పైన ఉంచిన మనిషి. మేము సామాను అతని వద్దే కొన్నాము.

ర్యామ్ 16 జి.బి. ఒకే కర్రగా కాక 8 చొప్పున రెండు తీసుకోవడం ఇక్కడ తప్పనిసరి. లోపలి గ్రాఫిక్స్ కు సొంత జ్ఞాపకశక్తి లేదు, ర్యామ్ నే అరువు తెచ్చుకుంటుంది. రెండు కర్రలుంటే దారి రెండింతలు వెడల్పవుతుంది. ఈ ప్రాసెసరు ఎ.ఎం.4 సాకెట్టుది కనుక డి.డి.ఆర్.4 ర్యామే పడుతుంది, డి.డి.ఆర్.5 గాడిలో కూర్చోదు. మదర్ బోర్డు పాత నిల్వలోని బి450 అయితే బయాస్ అప్ డేట్ చేసి ఇవ్వమని అడగాలి, లేకుంటే ఈ ప్రాసెసరును అది గుర్తించకపోవచ్చు. 500 జి.బి. ఎన్.వి.ఎం.ఇ. ఎస్.ఎస్.డి., 1080పి మానిటరు. వీటి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు.

క్యాబినెట్ వద్ద మాత్రం చిన్న యుద్ధమే జరిగింది. వాడికి అద్దపు పలక, ఏడు రంగుల పంకాలు కావాలి. మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఊరిలో, కిటికీ ఒక్కటే ఉన్న గదిలో, ముందువైపు గాలి చొరబడే జాలీ ఉన్న సాదా పెట్టె మేలని నా వాదన. వాడు చాలాసేపు మాట్లాడలేదు. రంగుల దీపాల నుండి మిగిలిన సొమ్ము విండోస్ లైసెన్సుకు పనికివచ్చింది. కూర్చి ఇచ్చేవారు దొంగ కాపీ ఉచితంగా ఎక్కిస్తామంటారు. 1988లో కువైట్ లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ, రచనలపై, ఆవిష్కరణలపై యజమానుల హక్కులు షరీఅత్ రక్షణ గలవని, వాటిపై దౌర్జన్యం తగదని తీర్మానించింది. లైసెన్సు కొనలేనివారికి ఉబుంటు వంటి ఉచిత లినక్స్ ఉన్నది. చదువుకు అది చాలు, కొన్ని ఆటలు మాత్రం దానిపై నడవవు.

డబ్బు పందెంగా పెట్టే ఆటల సంగతి వేరే చెప్పనక్కరలేదు. మాయిదా సూరా 90వ ఆయతు జూదాన్ని నిషేధించింది. మన రాష్ట్రం 2017లో, పార్లమెంటు 2025లో వాటిపై చట్టాలు చేశాయి. ఏ ఆటకూ తల్లి ఫోను నుండి డబ్బు కట్టకూడదని ఒప్పందం. అందులో ఏమి వస్తుందో తెలియకుండా కొనే పెట్టెలకు కూడా ఇదే వర్తిస్తుంది.

కూర్చడానికి ముందు ఎలక్ట్రీషియనును పిలిపించాము. పాతబస్తీ ఇళ్ళలో చాలావాటికి మూడు రంధ్రాల ప్లగ్గు ఉంటుంది, వెనుక ఎర్త్ తీగ ఉండదు. ఇనుప పెట్టెను తాకితే జివ్వుమంటుంది. ఆ ఖర్చు 40,000లో లేదు, అది నేను పెట్టుకున్నాను. జుమా నమాజు తరువాత చాప పరచి కూర్చున్నాము. ప్రాసెసరు మూలన ఉన్న చిన్న త్రికోణాన్ని సాకెట్టు త్రికోణంతో కలిపి, ఒత్తకుండా దించాలి. దాని సూదులు వంగితే అంతే. పిల్లవాడు బిస్మిల్లాహ్ అని దానిని వదిలినప్పుడు వాడి చేయి వణికింది. చెల్లెలు తలుపు వద్ద నిలబడి తస్బీహ్ తిప్పుతున్నది. మొదటిసారి మీట నొక్కితే ఏమీ కాలేదు. ఎస్.ఎం.పి.ఎస్. వెనుక ఉన్న స్విచ్చు వేయడం మరచిపోయాము.

రెండోసారి తెర వెలిగింది. మొత్తం 39,200 అయింది. మిగిలిన 800 చెల్లెలు ఒక కవరులో వేసి, పైన కార్డు అని రాసి పెట్టింది. పిల్లవాడు నెలనెలా ట్యూషన్ల సొమ్ములో కొంత అందులో చేరుస్తున్నాడు. పాడైన ఆ పాత కార్డును కూడా అమ్మివేస్తానని మొన్న అన్నాడు. ఏమని చెప్పి అమ్ముతావని అడిగాను. పావుగంటకు ఆగిపోతుందని చెప్పి, విడిభాగాల కోసం అమ్ముతానన్నాడు. ఇంతవరకు 300కు మించి ఎవరూ అడగలేదు.