పొట్టు, కట్టె, కంప: అనంత ఇంధనంపై అపోహలు – వాస్తవాలు

అనంతపురం పీఠభూమిలో ఏటా కురిసేది సగటున 550 మిల్లీమీటర్ల వాన. ఇలాంటి నేలలో పంట మిగుళ్లతో వేడి, కరెంటు, చలువ పుట్టిద్దామంటే కొందరు ‘ఇక్కడ కాల్చడానికి ఏముంది’ అంటారు. ఇంకొందరు ‘ఉన్నదంతా వృథాగా పోతోంది’ అంటారు. రెండూ పొరపాటే. ఇంధనం ఉంది. అది ఎవరి నోటి దగ్గరిదీ లాక్కోకుండా, ఎంత దగ్గర నుంచి, ఎంత ఆరి వస్తుందన్నదే అసలు లెక్క.

అపోహ: పొలంలో మిగిలినదంతా వ్యర్థమే.

వాస్తవం: కాయలు తెంపుకున్నాక మిగిలే వేరుశనగ కట్టె ఈ సీమ పశువులకు ప్రాణాధారం. వాన తప్పిన ఏడాది కట్టె వామి ఉన్న ఇల్లే ఎద్దులను నిలుపుకుంటుంది. దాన్ని బాయిలర్‌కు తోలితే పశువుల సంతలో ఆ బాధ కనిపిస్తుంది. కంది కట్టెకు ధర కడితే పేదింటి పొయ్యికి కరవొస్తుంది. కాయలాడించే మిల్లులో రాలే పొట్టు సంగతి వేరు. వంద కిలోల కాయలు ఆడిస్తే 25 నుంచి 30 కిలోల పొట్టు వస్తుంది. చేను చేనూ తిరిగి ఏరే పని లేకుండా, ఒకేచోట, అప్పటికే ఆరి కుప్పపడుతుంది. ఇక చెరువుల్లో, బీళ్లలో అల్లుకుపోయిన సర్కారు తుమ్మ ఉంది. 1877లో పక్కనే కడప జిల్లా కమలాపురంలో నాటిన ఈ కంప నరికితే మళ్లీ చిగురిస్తుంది. దాన్ని కొట్టి, బొగ్గు కాల్చి బతికే కుటుంబాలకు కూలి గిట్టేలా కొంటేనే ఆ సరఫరా నిలుస్తుంది.

అపోహ: చుట్టుపక్కల దొరికేదే కాబట్టి చౌక.

వాస్తవం: పొట్టును పిడికిట పట్టి నొక్కితే గలగలమని నలిగిపోతుంది. అందులో ఉన్నది ఎక్కువగా గాలే. ఘనమీటరు పొట్టు సుమారు 100 కిలోలు తూగుతుంది. అంటే 30 ఘనమీటర్లు పట్టే పది టన్నుల లారీ మూడు టన్నులకే నిండిపోతుంది, డీజిల్ మాత్రం లారీ మొత్తానికీ కాలుతుంది. అదే పొట్టును బ్రికెట్లుగా నొక్కితే ఘనమీటరుకు 600 కిలోలు దాటుతుంది. నొక్కడానికి కరెంటు ఖర్చుంది కదా అంటారు. నిజమే, అందుకే పక్కనే వాడేటప్పుడు పొట్టుగానే వాడాలి, దూరం పోయేదాన్నే నొక్కాలి. పచ్చి తుమ్మ బరువులో సగం దాకా నీళ్లే. దాన్ని అలాగే మోస్తే నీళ్లకు కిరాయి కట్టినట్టు, కాలిస్తే ఆ నీళ్లను ఆవిరి చేయడానికే వేడి ఖర్చు. కొట్టినచోటే కొన్ని వారాలు ఎండనిస్తే ఆ పనిని మన సూర్యుడే ఉచితంగా చేసిపెడతాడు.

అపోహ: పెద్ద కరెంటు ప్లాంటు పెడితేనే లాభం.

వాస్తవం: ఒక్క మెగావాట్ ప్లాంటు ఏటా 8 నుంచి 10 వేల టన్నులు మింగుతుంది. పంట పోయిన ఏడాది కూడా దాని ఆకలి తగ్గదు. చిన్న ఆవిరి ప్లాంట్లలో ఇంధనంలోని వేడిలో నాలుగోవంతు కూడా కరెంటుగా మారడం కష్టం. అదే వేడిని నేరుగా వాడుకుంటే మంచి బాయిలర్‌లో నాలుగింట మూడువంతులు దక్కుతుంది. పగటి కరెంటుకు ఎన్.పి.కుంట సౌర పార్కు ఉంది, గాలి కరెంటుకు రామగిరి గుట్టలున్నాయి. హిందూపురం వైపు పట్టుగూళ్లు ఉడికించడానికీ, ధర్మవరంలో పట్టుకు రంగులద్దడానికీ కావలసింది వంద డిగ్రీలు దాటని వేడి. పట్టుగూళ్ల పొయ్యిల కోసం 1990లలోనే ఇంధన పరిశోధన సంస్థ టెరి గ్యాసిఫయర్ (కట్టెను మండే వాయువుగా మార్చే యంత్రం) రూపొందించింది. మరి రాత్రి కరెంటు మాటేమిటంటే, చిన్న గ్యాసిఫయర్ ఇంజన్ ఆ లోటు కొంత తీర్చగలదు. అయితే అది వదిలే వేడిని కూడా వాడుకునేవారు పక్కనే ఉండాలి.

అపోహ: నిప్పుతో చలువ ఎలా వస్తుంది?

వాస్తవం: వస్తుంది. శోషణ శీతల యంత్రం 80–95 డిగ్రీల వేడినీళ్లతో నడిచి, దాదాపు 7 డిగ్రీల చల్లటి నీళ్లిస్తుంది. అరటికి, మామిడికి, టమాటాకు 12–14 డిగ్రీలు చాలు, అంతకన్నా చల్లబరిస్తే చెడిపోతాయి. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి అరటి గెలలు శీతల కంటెయినర్లలో రైలెక్కి ముంబై రేవుకు వెళ్లాయి. పండ్ల సీమకు చలువ విలువ ఎంతో అదే చెబుతుంది. అలాగని చలువ కోసమే కట్టె కాల్చడం దండగ, కరెంటు యంత్రమే మేలు. పైగా ఈ యంత్రం వేడిని బయటికి నెట్టడానికి నీళ్లడుగుతుంది. ఇంజనో బాయిలరో ఎలాగూ వదిలేసే వేడి ఉన్నచోటే దీనికి అర్థముంది.

కాబట్టి ఈ సీమకు తగిన వరుస ఇది: ముందు మేత, తర్వాత పొయ్యి, ఆపైన దగ్గరి వేడి, మిగిలితే కరెంటు, చలువ. ఈ వరుస పాటిస్తే కరవు ఏడాదిలోనూ యంత్రానికీ, పశువుకూ పోటీ రాదు.