ఫైలు చెప్పే తేదీలు నమ్మొచ్చా?

పోటీకి పంపిన కథ "మీరు రాసిందేనా?" అనడిగితే మనసు చివుక్కుమంటుంది కదూ! వర్డ్ ఫైలు ప్రాపర్టీస్ చూస్తే మరీ కంగారు. తయారైన తేదీ నిన్న, దిద్దిన తేదీ పోయిన నెల! బిడ్డ పుట్టకముందే బారసాల అన్నమాట.

గాభరా పడకండి. విండోస్‌లో ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే, ఆ కాపీ చేసిన వేళే తయారైన తేదీగా పడుతుంది. దిద్దిన తేదీ పాతదే ఉండిపోతుంది.

ఇక 'టోటల్ ఎడిటింగ్ టైమ్' ఉంది చూశారూ, దాని తీరే వేరు. తెర మీద ఫైలు తెరిచిపెట్టి వంటింట్లో పోపు వేసుకొచ్చినా ఆ నిమిషాలూ లెక్కే. సేవ్ చేయకుండా మూసేస్తే గంట శ్రమా గల్లంతే. వేరేచోట రాసింది కొత్త ఫైల్లో అతికిస్తే రెండు నిమిషాలే చూపించవచ్చు. దాన్నిబట్టి దొంగతనం అంటగడితే ఎలా? అమ్మాయి కంప్యూటర్లో టైపు చేస్తే రచయితగా అమ్మాయి పేరే పడొచ్చు!

చిత్తుప్రతులు మాత్రం పారేయకండి.