చిన్న టాంకే పెద్ద లెక్క

కారులో కాంపింగుకి వెళ్ళేవాళ్ళకి లెక్కలతో పెద్దగా పని ఉండదు. రైస్ కుక్కరు, ఆవకాయ సీసా, దుప్పట్లు, మడత కుర్చీలు అన్నీ డిక్కీలో పడేసి బయల్దేరొచ్చు. అదే మోటార్‌సైకిలు మీదైతే ప్రతి పౌనుకీ, ప్రతి మైలుకీ, ప్రతి వాటుకీ లెక్క ఉంటుంది. ఐదారుగురు కలిసి వెళితే ఆ లెక్క ఇంకో రకంగా మారుతుంది. గుంపు ఎంత దూరం పోగలదన్నది అందరిలోకీ పెద్ద బండి కాదు, అందరిలోకీ చిన్న టాంకు నిర్ణయిస్తుంది. మిగతా విషయాల్లోనూ ఇదే సూత్రం.

మనలో చాలామందికి హైదరాబాదులోనో, విజయవాడలోనో బండి నడిపిన అనుభవం ఉంది. ఇక్కడ ఉద్యోగంలో కుదురుకున్నాక ఆ సరదా మళ్ళీ మొదలవుతుంది. మా స్నేహితుల గుంపులో ప్రయాణానికి ముందు లెక్కలు చూసే పని నాది. అందుకని కాలిఫోర్నియాలోని డెత్ వేలీని ఉదాహరణగా తీసుకుని ఆ లెక్కలు వివరిస్తాను.

ఎప్పుడు వెళ్ళాలి?

1913 జులై 10న డెత్ వేలీలోని ఫర్నేస్ క్రీక్‌లో 134 డిగ్రీల ఫారెన్‌హైట్ వేడి నమోదయింది. అదంతా పాత కథ అనుకోకండి. 2024 జులై 6న బాడ్‌వాటర్ ప్రాంతంలో ఆరుగురు మోటార్‌సైకిళ్ళ మీద వెళుతూ ఎండదెబ్బకి గురయ్యారు. ఒకరు చనిపోయారు, ఇంకొకరిని ఆసుపత్రికి తరలించారు. ఆ రోజు వేడి 128 డిగ్రీలు.

బండి మీద వెళుతుంటే గాలి తగులుతుంది కదా, ఒళ్ళు చల్లబడదా అని అడగొచ్చు. గాలి మన ఒంటికంటే చల్లగా ఉన్నంతవరకే ఆ సుఖం. అంతకంటే వేడెక్కాక ఎదురుగాలి ఒంట్లోకి వేడిని ఇంకా ఎక్కిస్తుంది. అప్పుడు చెమట ఆరడం ఒక్కటే దిక్కు, దానికేమో దళసరి జాకెట్టు అడ్డం. పైగా ఆ వేడికి గాలి పలచబడటంతో 120 డిగ్రీలు దాటితే హెలికాప్టర్లు సాధారణంగా క్షేమంగా ఎగరలేవు. ఆ రోజూ హెలికాప్టరు రాలేకపోయింది.

కాబట్టి నవంబరు నుంచి మార్చి దాకానే ఆలోచించండి. అప్పుడు చలి సంగతి కూడా చూసుకోవాలి. సముద్ర మట్టానికి 282 అడుగుల దిగువనున్న బాడ్‌వాటర్ నుంచి 5 వేల అడుగులు దాటిన డాంటేస్ వ్యూకి వెళితే వేడి సుమారు 25 డిగ్రీలు తగ్గుతుంది. రెండూ ఒకే రోజు చూస్తాం కనుక లోపల తొడిగే పొరలు అందుబాటులో ఉండాలి.

పెట్రోలు

ఇద్దరి బళ్ళు పోల్చి చూద్దాం. ఒకరిది రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411, టాంకు 15 లీటర్లు, అంటే దాదాపు 4 గాలన్లు. గాలనుకి 60 మైళ్ళు వేసుకున్నా 240 మైళ్ళు వస్తుంది. ఇంకొకరిది హార్లీ ఫార్టీ-ఎయిట్, టాంకు 2.1 గాలన్లు. గాలనుకి 45 మైళ్ళు వేసుకుంటే 95 మైళ్ళు. అందులో ఐదో వంతు అత్యవసరానికి వదిలేస్తే మిగిలేది 75. కొండెక్కినా, ఎదురుగాలి వీచినా, సామాను పెరిగినా అది ఇంకా తగ్గుతుంది.

ఇప్పుడు దారి చూడండి. లోన్ పైన్ ఊరు నుంచి పానమింట్ స్ప్రింగ్స్‌కి దాదాపు 50 మైళ్ళు. అక్కడినుంచి దాదాపు 5 వేల అడుగుల టౌన్ పాస్ ఎక్కి దిగితే స్టవ్‌పైప్ వెల్స్, మరో 30 మైళ్ళు. ఇంకో 25 మైళ్ళకి ఫర్నేస్ క్రీక్. మొత్తం 105. హిమాలయన్‌కి ఎక్కడా ఆగే పని లేదు. ఫార్టీ-ఎయిట్ మాత్రం పానమింట్ స్ప్రింగ్స్‌లో ఆగి తీరాలి. మా నియమం ఏమిటంటే, ఒక్కరు ఆగితే అందరూ నింపుకోవాలి. అక్కడ ధర ఎక్కువ కదా అని పెద్ద టాంకువాళ్ళు వదిలేస్తే, తరవాత ఎవరో ఒకరి కోసం వేరేగా ఆగాల్సి వస్తుంది.

బరువు

ప్రతి బండికీ హాండిలు దగ్గర ఫ్రేము మీద ఒక పలక ఉంటుంది. పెట్రోలు, మనుషులు, సామాను అన్నీ కలిపి బండి బరువు ఎంత దాటకూడదో దాని మీద రాసి ఉంటుంది. ఉదాహరణకి ఆ అంకె 900 పౌన్లు, టాంకు నిండా పెట్రోలుతో బండి బరువు 500 పౌన్లు అనుకుందాం. మిగిలింది 400. హెల్మెట్టు, బూట్లతో సహా మీరు 190, వెనక కూర్చునే మనిషి 150 అయితే సామానుకి దక్కేది 60 పౌన్లే. డెత్ వేలీలో మనిషికి రోజుకి కనీసం ఒక గాలను నీళ్ళు ఉంచుకోమంటారు. గాలను నీళ్ళు 8.3 పౌన్లు, అంటే ఇద్దరికి రెండు రోజులకి 33 పౌన్లు. కాంపుగ్రౌండులో నీళ్ళు దొరికితే కొంత తగ్గించుకోవచ్చు. లేకపోతే గుడారం, పరుపులు, వంటసామాను అన్నీ మిగతా 27లో సర్దుకోవాలి.

బరువైనవి కిందికీ, వెనక చక్రం ఇరుసుకి ముందుకీ ఉండాలి. వెనక రాక్ మీద ఎత్తుగా కడితే మలుపుల్లో బండి తూలుతుంది. టైర్లలో గాలి మాన్యువల్లో నిండు బరువుకి చెప్పినంత, బండి నడపకముందే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు నింపాలి.

గుంపు వల్ల లాభం ఇక్కడే. స్టవ్వు ఒకరు, గిన్నెలు ఒకరు, గాలి పంపు, పనిముట్లు ఒకరు పంచుకోవచ్చు. కానీ అన్నీ పంచుకోకూడదు. ఒక్క సర్వరు పడిపోతే మొత్తం ఆగిపోయేలా మనం సాఫ్ట్‌వేర్ కట్టం కదా! ఇదీ అంతే. గుంపు నుంచి విడిపోయిన మనిషి ఒక రాత్రి గడపడానికి కావలసినవి, అంటే నీళ్ళు, వెచ్చని బట్టలు, టార్చిలైటు, కాగితం మాపు, మందులు ఎవరి బండి మీద వాళ్ళకే ఉండాలి. పంక్చరు సామాను సంగతీ చూడండి. ట్యూబులెస్ టైరుకి వాడే ప్లగ్గు ట్యూబు టైరుకి పనికిరాదు. ఎవరి టైరు ఏ రకమో ముందే రాసిపెట్టుకోవాలి.

కరెంటు

బండి తయారుచేసే కరెంటులో ఎక్కువ భాగం ఇంజనుకీ, దీపాలకీ పోతుంది. ఉత్పత్తి 300 వాట్లు, సొంత ఖర్చు 200 అయితే మిగిలేది 100. వేడి జాకెట్టు ఒక్కటే 80 దాకా లాగేస్తుంది. ఇంజను ఆపాక బండి బాటరీ మీద ఏదీ నడపకండి, పొద్దున్నే తోసి స్టార్టు చేయాల్సి వస్తుంది. దాని బదులు 20 వేల మిల్లీ ఆంపియర్-అవర్ల పవర్ బాంకు పెట్టుకోండి. దాన్ని బాటరీ వోల్టేజీ 3.7తో హెచ్చిస్తే 74 వాట్-అవర్లు. తరుగు పోను ఫోను మూడు నాలుగుసార్లు నిండుతుంది.

మాట, కబురు

డెత్ వేలీలో చాలాచోట్ల ఫోను పనిచేయదు. దారిలో మాట్లాడుకోవడానికి హెల్మెట్టు ఇంటర్‌కాములు ఉన్నాయి. బ్లూటూత్ రకంలో ఒకరితో ఒకరు గొలుసులా కలుస్తారు, మధ్యలో ఒకరు దూరమైతే గొలుసు తెగుతుంది. మెష్ రకంలో ప్రతి పరికరమూ పక్కవాళ్ళ మాటని ముందుకి అందిస్తుంది. ఒకరు తప్పిపోయినా మిగతావాళ్ళు మాట్లాడుకోవచ్చు, వాళ్ళు దగ్గరికి రాగానే మళ్ళీ కలుస్తారు. ఆరుగురికి మెష్ నయం.

సాయం పిలవడానికి మాత్రం ఉపగ్రహమే దిక్కు. గార్మిన్ ఇన్‌రీచ్ వంటివి ఇరిడియం ఉపగ్రహాల ద్వారా కబురు పంపుతాయి. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అత్యవసర సందేశం ఉపగ్రహానికి పంపే వీలుంది. రెంటికీ ఆకాశం తెరిపిగా కనిపించాలి. ఇన్‌రీచ్ ఒక్కటే ఉంటే దాన్ని అందరికంటే వెనక వచ్చేవాళ్ళకి ఇవ్వండి. ముందు ఎవరు పడిపోయినా వాళ్ళు తప్పకుండా చూస్తారు. ముందున్నవాళ్ళ దగ్గరుంటే అది అప్పటికే పది మైళ్ళు దాటిపోయి ఉండొచ్చు.

ఎవరు ఎక్కడ?

ఐదు నుంచి ఏడుగురు దాకా ఉంటే గుంపు అదుపులో ఉంటుంది. తిన్నని రోడ్డు మీద ఒకరు ఎడమకీ ఒకరు కుడికీ ఉంటూ, ఎదుటి పక్కనున్న బండికి ఒక సెకను, నేరుగా ముందున్న బండికి రెండు సెకన్లు దూరం పాటించాలి. మలుపుల్లో అందరూ ఒకే వరస. కొత్తగా నడిపేవాళ్ళని ముందున్న మనిషికి సరిగ్గా వెనక ఉంచండి. చివర్లో ఉంటే అందుకోవాలనే ఆత్రంలో తాహతుకి మించిన వేగంతో మలుపు తిప్పుతారు. గుంపు వేగం వాళ్ళ వేగమే.

బయల్దేరే ముందు పార్కు వెబ్‌సైటులో రోడ్ల పరిస్థితి చూడండి. 2023 ఆగస్టులో హిలరీ తుఫాను వరదకి పార్కు మొత్తం సుమారు రెండు నెలలు మూతపడింది. ఒక వారం ముందు నిండు సామానుతో అందరూ కలిసి 50 మైళ్ళు తిరిగి రండి. ఏ తాడు వదులవుతుందో, ఎవరి టాంకు ఎంత తాగుతుందో ఆ రోజే తెలిసిపోతుంది. ఆ అంకెలు రాసుకుని, చిన్న టాంకుని బట్టి పెట్రోలు ఆగుళ్ళు మళ్ళీ గుర్తించండి.